యంత్రమునకు సంఖ్య, మనుష్యునకు పేరు

గతించినదానిని భద్రపఱచుట మంచిపనియే యని యెల్లరును అంగీకరింతురు. కాని అందు దేనిని నిలుపుకొనుచున్నాము, దేనిని జాఱవిడుచుచున్నాము అని విచారించువారు అరుదు. మా వినుకొండమీదుగా నడచిన పొగబండియే యిందుకు దృష్టాంతము.

గుంటూరునుండి వినుకొండ, కంభము, నంద్యాల మీదుగా గుంతకల్లు చేరు మార్గము పందొమ్మిదవ శతాబ్ది చివర మీటరు వెడల్పు పట్టాలతో నిర్మింపబడెను. పత్తియు మిరపయు పండు మా మైదానమును నల్లమల కావలి సీమతో కలిపినది ఆ యిరుకు పట్టాలే. 1990వ దశకములో వానిని తీసి 5 అడుగుల 6 అంగుళముల వెడల్పు పట్టాలు వేసిరి. దేశమున ఆవిరి యంత్రములకును ఆ దశకమే తుదిదశ. 1855లో ఇంగ్లండున తయారైన ‘ఫెయిరీ క్వీన్’ వంటి కొన్ని యంత్రములు, 1977లో స్థాపింపబడిన ఢిల్లీ రైలు మ్యూజియము వంటి చోట్ల ఆదరము పొందినవి. తక్కినవానిలో పెక్కింటికి ఛాయాచిత్రములే ఆశ్రయము.

ఆ చిత్రములక్రింద సామాన్యముగా యంత్రపు తరగతి, సంఖ్య, స్టేషను, సంవత్సరము వ్రాయబడియుండును. యంత్రపు కిటికీలో తలగుడ్డ చుట్టుకొని నిలిచిన మనుష్యుని పేరు మాత్రము తఱచుగా కానరాదు. అతని పని స్వల్పమైనదా? కొలిమి పైకప్పుమీద నీరు తగ్గినచో ఇనుము మితిమీఱి కాగి బాయిలరు బ్రద్దలు కావచ్చును. పారతో బొగ్గు వేయుచు, గాజుగొట్టములోని నీటిమట్టమును కనిపెట్టుచు, ఎండకు తోడు మంటవేడిమిని సహించిన డ్రైవరు, ఫైర్‌మన్‌ల జాగరూకతయే వెనుక పెట్టెలలో నిద్రించువారికి రక్ష.

ఛాయాచిత్రకారుడు అందఱి పేర్లు ఎట్లడుగగలడని కొందఱందురు. నిజమే. సంఖ్య యంత్రముపై వ్రాసియున్నది. కంటితో చదివిన చాలును. పేరు తెలియవలెనన్నచో దగ్గఱకు పోయి, పలుకరించి, అడుగవలెను. అడుగనవసరము లేనిది చరిత్రలో నిలుచును. అడుగవలసినది మఱుగున పడును. ఇందు ద్వేషము లేకపోవచ్చును, అలక్ష్యము కలదు. అలక్ష్యమువలన కలుగు నష్టము ద్వేషమువలన కలుగుదానికంటె తక్కువయని మేము తలపము.

ఈ లోపము రైలుకే పరిమితమా? మన యిండ్ల గోడలమీది పాతచిత్రములను చూడుడు. కుర్చీలో కూర్చున్న పెద్దల పేర్లు అందఱికిని తెలియును. వెనుక నిలిచిన కోడండ్రు, అంచున బిడ్డనెత్తుకొనిన పనిమనిషి ఎవరని అడిగినచో ఎందఱు చెప్పగలరు?

చదువరులారా, యంత్రములను కాపాడువారిని మేము నిందించుట లేదు; వారి శ్రద్ధ మనుష్యులవఱకు విస్తరింపవలెనని కోరుచున్నాము. తెలిసిన వృద్ధులు జీవించియుండగనే ప్రతిచిత్రము వెనుకను అందఱి పేర్లును వ్రాయింపుడు. ఇందుకు ఒక పెన్సిలు, ఒక సాయంకాలము చాలును.