మూగ బొమ్మకు మాట ఎవరిది?

పాలకొల్లు సినిమావాళ్ల ఊరు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు ఇక్కడివాళ్లే. ఇక్కడి పిల్లలకి సినిమా అంటే డైలాగు, పాట. మాటే వినపడని సినిమాలుండేవంటే నవ్వుతారు. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మప్రతిజ్ఞ' అలాంటి మూకీయే. మూకీలో మాటలు అక్షరాలుగా తెరమీదికి వచ్చేవి. చదువు రానివాళ్లకి తెర పక్కన ఒకరు నిలబడి చెప్పేవారు. ఆయన ఏం చెబితే అదే కథ. తెరమీది మనిషి లేచి 'నేనలా అనలేదు' అనలేడు.

మేం ఆలోచిస్తున్న ప్రశ్న ఇక్కడే ఉంది. ఒకరి బతుకుని ఇంకొకరు చెప్పడం న్యాయమేనా? ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు?

ఏలూరు దగ్గరి వసంతవాడలో పుట్టిన నండూరి సుబ్బారావు రాసిన 'ఎంకి పాటలు' 1925లో పుస్తకంగా వచ్చాయి. చదువుకున్న కవి పల్లె జనం మాటని ప్రేమగా కవిత్వంలోకి తెచ్చారు. ఎంకికి ప్రాణం ఆ మాటే. ఆ పాటల్నే మూకీగా తీస్తే ఏం మిగులుతుంది? నడక, చూపు, చీరకట్టు. చూసేవాళ్లు తమకు తోచిన మాట ఆమె నోట్లో పెడతారు.

ఇది ఊహ. అమెరికాలో ఇలాంటిది నిజంగానే జరిగింది, అదీ ఆదివాసుల విషయంలో. లాంగ్‌ఫెలో అనే కవి 1855లో 'సాంగ్ ఆఫ్ హయవాథా' అనే పెద్ద కావ్యం రాశాడు. అందులోని కథలు చాలావరకు ఒజిబ్వే ఆదివాసులవి. కథానాయకుడికి పెట్టిన పేరు మాత్రం ఇరొక్వా అనే వేరే జనాల నాయకుడిది. 1913లో ఆ కావ్యాన్ని మూకీగా తీశారు. ఆదివాసులే నటించారు. ముఖాలు వాళ్లవి, అడవి వాళ్లది, మాట మాత్రం కవిది.

ఆ కథలు కవికి ఎలా చేరాయో చూడాలి. హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే ప్రభుత్వ అధికారి వాటిని సేకరించి అచ్చు వేశాడు. ఆయన భార్య జేన్ ఒజిబ్వే తల్లి బిడ్డ. తల్లి వైపు వాళ్ల కథలు ఆయనకి అందడంలో ఆమె చేయి ఉంది. ఆమె స్వయంగా కవయిత్రి, ఒజిబ్వేలోనూ ఇంగ్లీషులోనూ రాసింది. లోకానికి లాంగ్‌ఫెలో తెలుసు. జేన్ పేరు ఎంతమందికి తెలుసు? తల్లి నోటినుంచి బిడ్డకి, బిడ్డనుంచి అధికారి పుస్తకానికి, అక్కడినుంచి కావ్యానికి, చివరికి మూగ తెరకి. మెట్టు మెట్టుకీ కథ పెద్దదైంది, చెప్పినవాళ్లు చిన్నవాళ్లయ్యారు.

'ఆ కవి రాయకపోతే ఆ కథలు ఎవరికి తెలిసేవి?' అని అడగొచ్చు. న్యాయమైన మాటే. ఆయనకి ప్రేమ లేదని మేం అనడం లేదు. కానీ పేరు పాకడం వేరు, మాట వినపడడం వేరు. ఎవరి గురించి చెప్పామో వాళ్లు 'ఇది ఇలా కాదు' అంటే దిద్దుకునే వీలు ఉందా? ప్రేమకైనా కొలత ఇదే అని మా అభిప్రాయం. ఆ వీలు లేకపోతే ఎంత అందమైన కావ్యమైనా మూకీయే.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోవద్దు. కొమ్ము నాట్యం వీడియో తీసి, మన డోలు చప్పుడు తీసేసి, సినిమా పాట అతికించి ఫోన్లలో తిప్పుతున్నారు. అది ఈనాటి మూకీ. పైగా మనవాళ్లే దాన్ని పదిమందికి పంపుతున్నారు.

చదువుకున్న మనం ఇప్పుడు తెర పక్కన నిలబడ్డాం. కోయ పిల్లవాడి మాటని తెలుగు పాఠంలోకి, అవ్వ పాటని వ్యాసంలోకి మార్చేది మనమే. మన కులంవాళ్లమే కదా అని ఊరుకుంటే చాలదు. స్కూల్‌క్రాఫ్ట్ కూడా ఆ ఇంటి అల్లుడే.

అందుకని యువతకీ, తోటి ఉపాధ్యాయులకీ ఒక మాట. పాట రికార్డు చేసే ముందు అవ్వని అడగండి. ఆమె భాషలోనే రాసి, కింద తెలుగు రాయండి. పాడినవాళ్ల పేరు, ఊరు ముందు పెట్టండి, మీ పేరు తర్వాత. రాసింది తీసుకెళ్లి ఆమెకే చదివి వినిపించండి. 'ఇక్కడ తప్పు చెప్పావురా' అంటే దిద్దండి. వద్దంటే మానేయండి.