ఇంటి బల్లయొద్ద సత్యము

ధ్యానభాగము: యోహాను సువార్త 6:1–13, 21:1–14



ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారమును గూర్చిన మనవి ఒకటి కలదు. పసిబిడ్డలు గల యింట ఆ మనవి ఫలించుటయు, స్తోత్రము చెల్లించుటయు ఒక్కటే. అయితే పదునైదేండ్ల కుమారుడు గల యింట ఆహారము దొరకిన పిమ్మటను ఆ ప్రార్థన ముగియదు. దేవుడు దయచేసినదానిని, తల్లి కష్టపడి వండినదానిని ఆ కుమారుడు కంచములో చూచి మొగము త్రిప్పుకొనును. “మరల ఇదేనా?” అనును. చేతిలో డబ్బు కొద్దిగా నున్న తల్లిదండ్రులకు ఆ రెండు మాటలు ఎంత నొప్పి కలిగించునో అనుభవించినవారికే తెలియును.

ఇది అల్పవిషయము, దీనికి దేవుని వాక్యముతో పని యేమి, అని తలంపవలదు. మన ప్రభువు మాటిమాటికి భోజనపు బల్లయొద్ద కూర్చుండెను. ఆయన పునరుత్థానుడైన పిమ్మటను తీరమున నిప్పులపై చేపలు కాల్చి శిష్యులకు భోజనము పెట్టెను. కాబట్టి మన పొయ్యి, మన కంచము ఆయనకు అన్యమైనవి కావు.

వీరాంపట్టినములోని ఒక యిల్లు

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణమున, అరియాంకుప్పమునకు చేరువలో, సముద్రతీరమున వీరాంపట్టినమను మత్స్యకారుల గ్రామము కలదు. యానామునుండి పని వెదకుకొనుచు వచ్చిన ఒక తెలుగు కుటుంబము అచ్చట అద్దె యింట కాపురముండెను. వారి పేరులు చెప్పను. తండ్రి చేపల రేవులో పడవలకు మంచుగడ్డలు మోయు కూలివాడు. తల్లి పట్టణములో రెండిండ్ల వంట చేసి వచ్చును. కుమారుడు తొమ్మిదవ తరగతి ముగించి సెలవులలో నుండెను. కుమార్తె వానికంటె మూడేండ్లు చిన్నది.

తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలుకొని జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలు వేటకు పోరాదని నిషేధము కలదు. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకై చేసిన మంచి నియమమిది. ఆ దినములలో నమోదైన మత్స్యకార కుటుంబములకు ప్రభుత్వము భృతి నిచ్చును. అయితే మంచు మోయు ఈ తండ్రి పేరు ఆ పట్టికలో లేదు. పడవ కదలనప్పుడు మంచుతో ఎవరికి పని? బడిపిల్లలకు మధ్యాహ్నభోజనము పెట్టు పద్ధతి, ఫ్రెంచివారి పరిపాలనలో నున్నప్పుడే, 1930లో పుదుచ్చేరిలో ఆరంభమైనది. కాని బడికి సెలవులైనప్పుడు ఆ భోజనమును లేదు. ఆ విధముగా తండ్రికి కూలి లేని దినములును, పిల్లలు మూడు పూటలు ఇంటనే తినవలసిన దినములును ఒక్కసారిగా వచ్చెను.

తల్లి ఉదయమున రాగి అంబలి కాచెను. మధ్యాహ్నమున అన్నము, చవుకగా దొరకిన కవళ్ళ పులుసు పెట్టెను. కుమారుడు అంబలిని ముట్టకపోయెను. కవళ్ళలో ముండ్లు ఎక్కువ యనెను. సాయంకాలము స్నేహితులతో కలిసి కొట్టునొద్ద పరోటా, సాల్నా తినుటకు డబ్బు అడుగుచుండెను. తల్లి అంగడివాని పద్దు పుస్తకములో అప్పు వ్రాయించి వానికొరకు నూడుల్సు పొట్లములు తెచ్చి వేరుగా వండెను. అప్పు పెరిగెను, వాని రుచి మారలేదు. ఒక రాత్రి తండ్రి సహింపలేక, “నీవు సంపాదించి నీకిష్టమైనది తినుము” అని గద్దించెను. కుమారుడు కంచము విడిచి లేచిపోయెను.

మరునాడు వాడు ఇంట ఏమియు తినలేదు. రాత్రి తల్లి అన్నము పెట్టబోగా, “స్నేహితుని యింట తిన్నానమ్మా” అనెను. అయితే వాని పెదవులు ఎండియుండెను. వాడు తినలేదని తల్లికి తెలిసెను. ఎట్లు తెలిసెను? ఆ మాట ఆమెదే! నెల దినములనుండి పిల్లలకు వడ్డించి, తాను పట్టణములో తిని వచ్చితినని ఆమె చెప్పుచుండెను. రేవులో తినివచ్చితినని తండ్రి చెప్పుచుండెను. ఇద్దరును ఖాళీ కడుపుతోనే పండుకొనుచుండిరి. తమ అబద్ధము కుమారుని నోట వినినప్పుడు ఆ తల్లి మోకాళ్ళమీద పడి యేడ్చెను. “ప్రభువా, వాడు అన్నము విలువ నెరుగడని సణిగితిని. ఎరుగునట్లు నేనెప్పుడు చెప్పితిని?” అని ప్రార్థించెను.

ప్రియులారా, ఈ తల్లి ప్రార్థననుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది: ఆశించుట పాపము కాదు

సంఖ్యాకాండము 11వ అధ్యాయమును తల్లిదండ్రులు పిల్లలపై ప్రయోగించుట కలదు. మన్నాను గూర్చి సణిగినవారికి కలిగిన శిక్షను చూపి భయపెట్టుదురు. ఆ వాక్యము నిజమే. అయితే జాగ్రత్తగా చదువుడి. అచ్చట ఐగుప్తు చేపలను, కీరకాయలను, ఉల్లిని, వెల్లుల్లిని తలంచుకొని గుడారముల ద్వారములయొద్ద ఏడ్చినవారు కుటుంబముల పెద్దలు. పిల్లల నాలుకను గద్దించుటకు ముందు పెద్దలు తమ నాలుకను జ్ఞాపకము చేసికొనవలెను.

వీరాంపట్టినము ప్రక్కననే అరికమేడు దిబ్బ కలదు. 1945లో మార్టిమర్ వీలర్ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వకములు జరిపించెను. సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట మధ్యధరా సముద్రప్రాంతమునుండి ఓడలమీద వచ్చిన జాడీల ముక్కలు అచ్చట బయలుపడెను. ద్రాక్షారసము, ఒలీవ నూనె, ఊరవేసిన చేపల రసము అట్టి జాడీలలో వచ్చెడివి. ఎదుటనే చేపలు నిండిన సముద్రముండగా దూరదేశపు చేపరసమును తెప్పించుకొనిరి! మనుష్యునికి రుచియందలి మక్కువ అంతటిది. దేవుడే నాలుకకు రుచి నిచ్చెను. పైగా పదుమూడు మొదలు పదునేడు వరకు గల యేండ్లలో శరీరము వేగముగా ఎదుగును, ఆకలి హెచ్చును, స్నేహితులతో సమానముగా నుండవలెనను కోరికయు బలపడును. పరోటా నడుగు బాలుడు కొన్నిసార్లు పరోటాకంటె ఎక్కువగా స్నేహితుల ప్రక్కన స్థలము నడుగుచున్నాడు. దానిని గ్రహింపక గద్దించినచో, రొట్టె నడిగినవానికి రాతినిచ్చినట్లగును.

రెండవది: ఉన్నదానిని దాచవలదు

అయిదువేలమంది పురుషులు ఎదుట నున్నప్పుడు ప్రభువు ఏమి చేసెను? తాను చేయబోవునది ఆయన యెరిగియుండెను. అయినను రొట్టెలు ఎక్కడ కొందుమని ఫిలిప్పును అడిగెను. ఫిలిప్పు లెక్కచూచి, 200 దేనారముల రొట్టెలైనను చాలవని చెప్పెను. ప్రభువు ఆ లెక్కను మూసిపెట్టలేదు. అద్భుతమునకు ముందు కొరత అందరి యెదుట తెలియజేయబడెను. తిబెరియ సముద్రతీరమున రాత్రియంతయు శ్రమపడిన శిష్యులను, తినుటకేమైన కలదాయని ఆయన అడిగెను. వారు లేదని యొప్పుకొనవలసివచ్చెను. సారెపతు విధవరాలు తన తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె మాత్రమే కలవని ఏలీయాతో దాచక చెప్పెను. దేవుడు ఆ పట్టెడునే ఆశీర్వదించెను.

మనమో, ప్రేమవలన అబద్ధమాడుదుము. మేము తింటిమని చెప్పుదుము. బిడ్డ మనస్సు నొచ్చుకొనకూడదని మన ఉద్దేశము. కాని ఆ మాటవలన బిడ్డ మన యింటిలో అతిథియగును. అతిథి కూరకు వంకపెట్టుటలో ఆశ్చర్యమేమి? పాత్రలో ఎంత కలదో తెలిసినవాడే కుమారుడు. కొరతను తిట్టుగా చెప్పవలదు, ఏడ్పుగా చెప్పవలదు. కోపము లేనప్పుడు, నిదానముగా, సత్యముగా చెప్పవలెను. మోయలేని భారమును వానిపై నుంచుటకు కాదు, ఇంటివానిగా వానిని ఎంచుటకే.

మూడవది: బాలుని చేతికి పని యియ్యవలెను

ఆ తల్లి మరుసటి ఆదివారము చాపమీద వారపు డబ్బు పరచెను. అద్దెకు, బియ్యము నూనెలకు, అంగడి బాకీకి, బడి ఖర్చులకు వేరువేరుగా పెట్టెను. మిగిలినది దినమునకు 60 రూపాయలు. “నాయనా, నలుగురి కూరకు ఇదే. నేనును నాన్నయు తింటిమని చెప్పినది నిజము కాదు. నన్ను క్షమించుము. ఈ వారము నీవు నాతోకూడ వచ్చి కొనుము” అనెను. కుమారుడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట పరోటా, సాల్నా ధరను తానే లెక్కవేసెను.

యంత్రము లేని తెప్పలకు నిషేధము లేదు. వేకువనే అవి తీరము చేరగా తల్లియు కుమారుడును వెళ్ళిరి. వాడు బేరమాడి నెత్తళ్ళు కొనెను. శుభ్రముచేసి, ఉప్పు, కారము, కొంచెము బియ్యపుపిండి కలిపి కరకరలాడునట్లు వేయించెను. ముండ్లని వంకపెట్టిన బాలుడు ముల్లుతోకూడ నమలి తినెను! ఎదుగు ఎముకలకు కావలసిన కాల్షియము ముల్లుతో తిను చిన్న చేపలలోను, రాగులలోను సమృద్ధిగా కలదు. అంబలి మాత్రము వానికి నేటికిని ఇష్టము లేదు. తల్లి ఆ పిండితోనే ఉల్లిపాయ, మునగాకు చేర్చి రొట్టె కాల్చగా తినెను. పదిహేను దినములకొకసారి ఇంటనే పరోటా చేయుటకు నిర్ణయించుకొనిరి.

ప్రభువు శూన్యమునుండి రొట్టెలు చేయగలవాడు. అయినను ఒక చిన్నవాని అయిదు యవల రొట్టెలను, రెండు చిన్న చేపలను చేతికి తీసికొనెను. తీరమున నిప్పులపై చేప సిద్ధముగా నున్నను, శిష్యులు అప్పుడే పట్టినవాటిలో కొన్ని తెమ్మనెను. వారి పాలు లేకుండ ఆయన భోజనము పెట్టలేదు. తాను బేరమాడి కొనినదానిని, తాను వండినదానిని బాలుడు సులభముగా త్రోసివేయడు. కాబట్టి ఇంటికి ఒక్క వంట యుండనిండు. అందులో ఒక్క వస్తువును వద్దనుటకు పిల్లవానికి స్వేచ్ఛ యుండనిండు. మిగిలిన ముక్కలు పారవేయక కూర్చుమని చెప్పినది ప్రభువే గనుక, మిగిలిన అన్నము మరునాటి ఉదయమునకు చద్దియైనను సిగ్గుపడవలదు.

రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. కుమారుని అలుక తీర్చుటలో కుమార్తె పాలు తగ్గింపవలదు. రజస్వలయైన బాలికకు రక్తమునకు కావలసిన ఇనుము మరి యెక్కువగా అవసరము. గ్రుడ్డు ఒక్కటే యున్నచో అది కుమారునికే యనుట దేవుని యెదుట న్యాయము కాదు. మరియు బిడ్డ బహుదినములు తినక చిక్కిపోవుచున్నను, కడుపునొప్పి యనుచున్నను, లావగుదునని భయపడి అన్నము మానుచున్నను, దానిని మొండితనమని శిక్షింపక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. ప్రార్థించు తల్లి వైద్యుని చూచుట అవిశ్వాసము కాదు.

జూన్ 14 గడచెను. పడవలు వేటకు బయలుదేరెను. తండ్రికి కూలి దొరకెను. అంగడి బాకీ ఒక్కమారుగా తీరలేదు, కుమారుడు ఒక్కమారుగా పరిశుద్ధుడు కాలేదు. కాని ఒక రాత్రి వాడు కంచమునొద్ద కూర్చుండి, చేయి పెట్టక ఆగి, “అమ్మా, నీవు తింటివా?” అని అడిగెను. ఆమె, “లేదు నాయనా, ఇంకను తినలేదు” అనెను. వాడు జరిగి చాపమీద ఆమెకు చోటిచ్చెను.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా పాత్రలో ఎంత కలదో నీవెరుగుదువు. దానిని మా పిల్లలకు దాచక, కోపము లేక చూపించు ధైర్యమును మాకిమ్ము. ఎదుగుచున్న మా కుమారులను, కుమార్తెలను మా బల్లయొద్ద అతిథులుగా గాక ఇంటివారిగా కూర్చుండబెట్టుము. నేడు పొయ్యి వెలగని యిండ్లను జ్ఞాపకము చేసికొనుము, వారితో పంచుకొను మనస్సు మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.