పగడాలూ, పరాయి సముద్రమూ

పగడం అనగానే మన ఆడవాళ్ళకు మెడ గుర్తొస్తుంది గాని సముద్రం గుర్తుకు రాదు. నల్లపూసల మధ్య ఇటొకటి అటొకటి, మంగళసూత్రాల పక్కన రెండు, కాస్త ఉన్నవాళ్ళింట్లో అయితే అమ్మమ్మ నాటి పగడాల దండ. పెళ్ళి ఆలస్యమవుతున్న పిల్లకు కుజదోషమని ఎవరైనా చెబితే ఉంగరంలోకి ఒకటి. దానితో మనకున్న పరిచయం అంతే. అది ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్ళకు అంత అయింది అని నగల కొట్లో అడిగిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. తరుగు ఎంత అని మాత్రం అందరం అడుగుతాం.

ఆ ఎర్రపగడం అసలు మన సముద్రాలది కాదుట. మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా చేరని లోతుల్లో, రాతిగోడలను పట్టుకుని పెరుగుతుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గర టోరె దెల్ గ్రేకో అనే ఊళ్ళో దాన్ని చెక్కడమే వందల ఏళ్ళుగా వృత్తి. మనవాళ్ళ మోజు ఈనాటిదా? రోమనులు ముత్యాలకిచ్చే విలువ ఇండియావాళ్ళు పగడాలకిస్తారని 1వ శతాబ్దంలోనే ప్లినీ అనే రోమను పండితుడు రాసిపెట్టాడు. ఆ కొమ్మ ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లావెక్కదు. అంటే నా మెడలో ఉన్న కందిగింజంత పూస వెనక తక్కువలో తక్కువ పది పన్నెండేళ్ళ బతుకుంది. బతుకు అని ఎందుకంటున్నానంటే అది రాయీ కాదు, చెట్టూ కాదు, ప్రాణి. 18వ శతాబ్దంలో పేసొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ మాట అంటే పెద్దపెద్ద పండితులే నమ్మలేదు. మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు.

ఇవన్నీ నాకు చెప్పింది మా అక్క కూతురు. అక్కావాళ్ళు చిత్తూరులో ఉంటారు. పిల్ల మా ఇంట్లో ఉండి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. పోయినేడు ఉన్నట్టుండి, తమిళనాడులో మన్నారు సింధుశాఖ దగ్గర పగడపు దిబ్బల మీద పనిచేసే ఒక పరిశోధన కేంద్రంలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చిందని, అందుకోసం సిలిండరు కట్టుకుని సముద్రంలో మునగడం నేర్చుకోవాలని చెప్పింది. మా తిరుపతికేమో సముద్రం లేదు. (2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ మా జిల్లాలో కలిశాయి గనక కాగితం మీద ఇప్పుడు మాకూ సముద్రముంది. అది వేరే సంగతి.) పుష్కరిణిలో మూడు మునకలు తప్ప నీళ్ళతో మాకు వేరే వ్యవహారం లేదు. అక్క ఫోను చేసి, "ఏమ్మే, ఆడబిడ్డని నీళ్ళల్లోకి తోసేసి నువ్వు చూస్తా ఉండావా?" అని నన్ను పట్టుకుని దులిపింది. మా అత్తగారు జాతకం తెప్పించి జలగండం ఉందేమో చూడమన్నారు. పిల్ల మాత్రం తిరుపతిలోనే ఒక ఈతకొలనులో పొద్దున్నే ఐదింటికి పోయి ఈత నేర్చుకుని, ఎవరి మాటా కాదనకుండా, ఎవరి మాటా వినకుండా వెళ్ళిపోయింది.

వెళ్ళాక అక్కడి కబుర్లు రాత్రిళ్ళు ఫోనులో చెప్పేది. లోపలికి దిగుతుంటే చెవుల మీద బరువు పడుతుందిట, ముక్కు మూసుకుని గాలి నెట్టుకుంటూ దిగాలిట. నీళ్ళలో మాట ఉండదు, అన్నీ చేతి సైగలే. లెక్కలు రాసుకోవడానికి పలకా పెన్సిలూ! ఈ కాలంలో మన పిల్లలకు పలక చూపించాలంటే సముద్రం అడుగుకు తీసుకుపోవాలి కాబోలు. మెరిసేవేవీ ఒంటిమీద ఉండగూడదని అక్క వేలికి పెట్టించిన పగడపు ఉంగరం తీసి డబ్బాలో పెట్టిందట. "పగడాల్ని చూసేదానికి పగడం తీసి పెట్టి పోతా ఉండా పిన్నమ్మా," అని నవ్వింది.

అక్కడివి దండలో గుచ్చే పగడాలు కావు. దిబ్బలు కట్టే జాతులు. ఒక్కొక్క ప్రాణి మిరియపు గింజంత ఉంటుంది. చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముండి ఎండతో వంట చేసి పెడుతుంది. అలాంటివి కోట్లు చేరి కట్టిన గోడే పగడపు దిబ్బ. సముద్రపు అడుగులో ఈ దిబ్బలున్న చోటు ఒక్క శాతం కూడా లేదు. కాని సముద్రజీవుల రకాల్లో నాలుగో వంతు ఎప్పుడో ఒకప్పుడు ఆ నీడన బతికేవేనంటారు. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవుల చుట్టూ ఈ దిబ్బలున్నాయి. వాటిని ఒకప్పుడు బండ్లకొద్దీ తవ్వి సున్నం కాల్చారు, ఇళ్ళ గోడలకు వాడుకున్నారు. 1986లో జాతీయ పార్కుగా ప్రకటించినా తవ్వకం వెంటనే ఆగలేదు. రెండు దీవులు నీళ్ళలో కలిసిపోయాయి.

ఇప్పుడు తవ్వకం ఆగింది గాని నీళ్ళు వేడెక్కుతున్నాయి. మామూలు వేసవి వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, లోపల కాపురమున్న నాచు వెళ్ళిపోతుంది. పగడం తెల్లబడుతుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. మన్నారులో 2010లో, 2016లో ఇలా జరిగింది. 2023 నుంచి ప్రపంచమంతటా మొదలైన వేడి, దిబ్బల్లో 84 శాతాన్ని తాకిందని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. మా పిల్ల చేసే పనల్లా, చేతివేలంత పగడపు ముక్కల్ని సిమెంటు పలకలకు కట్టడం, పాచి పట్టకుండా బ్రష్షుతో తోమడం, ఎంత పెరిగాయో కొలిచి రాయడం. తూత్తుకుడిలోని సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ 2002 నుంచీ ఈ నాట్లు వేస్తూనే ఉంది.

"సముద్రమంతా కాగుతుంటే వీళ్ళు ముక్కలు కట్టి ఏం లాభం? రెండేళ్ళకు మళ్ళీ చస్తాయి గదా," అన్నారు మావారు, పేపరు మడుస్తూ. ఈ ప్రశ్న మగవాళ్ళే వేయగలరు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి ఉండదు. తోమిన గిన్నె రాత్రికి మళ్ళీ తొట్టిలో పడుతుంది. నిలవని పని చేయకూడదంటే మనకు చేయడానికి పనే ఉండదు. అంచేత ఆ అనుమానం నన్ను ఒక్క రాత్రి కూడా బాధపెట్టలేదు.

బాధపెట్టింది ఇంకొకటి.

అదే నీళ్ళలో ఇంకా కొందరు ఆడవాళ్ళు మునుగుతారు. పాంబన్ దీవి పల్లెల్లో బెస్త ఇళ్ళ ఆడవాళ్ళు తరతరాలుగా సముద్రపు నాచు కోసి బతుకుతున్నారు. సిలిండర్లు లేవు. చీర మీద చొక్కా తొడుక్కుని, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగుతారు. ఆ నాచు నుంచి అగర్ తీస్తారు, మన ఇళ్ళలో చైనాగ్రాస్ అని పాలలో వేసి గడ్డకట్టించేది అదే. దీవుల చుట్టూ జాతీయ పార్కు అయ్యాక అక్కడ దిగకూడదన్నారు. అడవిశాఖవాళ్ళు ఆపడం, కోసింది లాక్కోవడం, జరిమానాలు.

చూడండి, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే నీళ్ళలో మునిగారు. అనుమతి కాగితంతో దిగిన మా పిల్లది సేవ. ఆమె తిరిగొచ్చి సర్టిఫికెట్టు చూపించుకుంటుంది, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది. ఆ రెండో ఆమెది అతిక్రమణ. ఆమె పొయ్యి వెలగడానికి దిగింది. మంచిపని మంచిదే, కాని దాని ఖర్చు ఎవరి పద్దులో రాస్తున్నాం?

చట్టం పెట్టినవాళ్ళు దుర్మార్గులని నేననను. చట్టం లేకపోతే ఇంకెన్ని దీవులు మునిగేవో. నాచు కోయడానికి పట్టుకున్న చెయ్యి పగడం మీద పడితే పగడమూ విరుగుతుంది. ముందు మనుషుల కడుపు సంగతి చూడండి, పగడాలు తర్వాత అనే మాట కూడా నాకు నచ్చదు. దిబ్బ పోతే చేప పోతుంది, చేప పోతే ముందు పస్తుండేది ఆ ఇళ్ళే.

ఈ చిక్కు మాకు కొత్తదీ కాదు. ఎర్రచందనం శేషాచలం మొదలుకుని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చెట్టు కొట్టిన కూలి వాళ్ళది. కొట్టించి ఓడల కెక్కించినవాళ్ళ ఒంటికి మట్టి అంటలేదు. ఆ వారమంతా మా వీధిలో, దొంగలకు అదే శాస్తి అన్నవాళ్ళూ ఉన్నారు, అన్నం సయించనివాళ్ళూ ఉన్నారు. అప్పుడు చెట్టు మాది, పోయినవాళ్ళు వాళ్ళవాళ్ళు. ఇప్పుడు సముద్రం వాళ్ళది, కాపాడతామని పోయింది మా పిల్ల.

అదే 2015లో పాంబన్ దగ్గర చిన్నపాలెం అనే పల్లెకు చెందిన లక్ష్మీమూర్తి అనే నాచు కోసే ఆమెకు సీకాలజీ అనే అమెరికా సంస్థ బహుమతి ఇచ్చింది. ఆడవాళ్ళను సంఘంగా కూర్చి, తమ హక్కు కోసం అధికారులతో మాట్లాడడమే కాకుండా, నెలలో కొన్ని రోజులే కోస్తాం, నాచు మళ్ళీ మొలిచేదాకా ఆగుతాం అని తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. నా మట్టుకు నాకు, మా పిల్ల కట్టిన సిమెంటు పలకలన్నింటికన్నా ఆ కట్టుబాటు బరువైంది. కూలి పోగొట్టుకుని పెట్టుకున్న నియమం అది.

అయితే ఆ ఆడవాళ్ళు ఎన్ని రోజులు మానుకున్నా నీళ్ళు చల్లబడవు. ఆ వేడి వాళ్ళ ఊళ్ళో పుట్టింది కాదు. మా ఇంట్లో రెండు ఏసీలున్నాయి, మేడ మీద గీజరుంది. కొండకు పోవాలంటే బస్సు మాని కారు తీస్తాం. నెలకు ఇన్ని రోజులే సముద్రంలో దిగాలన్న మాట ఆమె దాకా వచ్చింది. నెలకు ఇన్ని రోజులే ఏసీ వేసుకోవాలన్న మాట మన గుమ్మం దాకా ఎవరూ తేలేదు. తెస్తే మనం ఏమంటామో ఊహించడం కష్టమేమీ కాదు. వేసవిలో గంట కరెంటు పోతే మా కాలనీలో సబ్‌స్టేషనుకు పోయే ఫోన్లు నేను విన్నాను.

ఈ సంగతులన్నీ ఫోనులో పిల్లతో అన్నాను. అది కాసేపు ఊరుకుని, "తెలుసు పిన్నమ్మా. మేము గట్టు మీద సిలిండర్లు సర్దుకుంటా ఉంటే వాళ్ళు చూస్తా పోతారు. నాకు తల ఎత్తబుద్ధి కాదు," అంది. మరి వచ్చేయరాదా అంటే రానంది. కొలవకపోతే ఏది చస్తోందో ఎవరికీ తెలీదు, తెలీకపోతే ఆ ఆడవాళ్ళ మీదికే నేరం తోస్తారు అంది. ఈ మాట నాకు బాగుంది. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని బాగుంది.

ఆఖరి వారంలో అక్క ఉండబట్టలేక చకినాలు మూటగట్టుకుని తానే బయల్దేరింది. చిత్తూరువాళ్ళకు అరవం మాతృభాష తర్వాతి భాష గదా, ఇక ఆమెకు అడ్డేముంది! కూతురు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒడ్డున నాచు ఆరబెట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ పిల్లల చదువులూ, అప్పులూ, మోకాళ్ళ నొప్పులూ అన్నీ విచారించింది. వాళ్ళ వేళ్ళు తిప్పి చూసిందట, కోసుకుపోని వేలు లేదట.

సాయంత్రం కూతుర్ని నిలదీసింది. "అన్ని సిలిండర్లుండాయే, వాళ్ళకో నాలుగిస్తే ఏం పోయింది మీకు?"

"ఇస్తే వారంలో నాచంతా అయిపోతుందిమ్మా. ఊపిరి ఆగినంతసేపే కోస్తారు గనకే ఇన్నాళ్ళూ మిగిలింది. ఆ మాట వాళ్ళే చెప్తారు, అడుగు."

అక్క మర్నాడు అడిగింది కూడా. వాళ్ళలో పెద్దావిడ నవ్వి, సిలిండరు వద్దుగాని చేతులకు తొడుక్కునేవి ఏమైనా దొరుకుతాయా అందట. అక్క తిరుపతికొచ్చీ రాగానే నన్ను బజారుకు లాక్కుపోయింది. నాలుగు కొట్లు తిరిగాం, ముళ్ళకు ఆగే గ్లవుజులు ఆడవాళ్ళ చేతి కొలతలో ఎక్కడా దొరకలేదు.