బరువా, వెలుగా?

కెంపు, నీలము అను రత్నములు రెండును కురువిందమను ఒకే ఖనిజమునకు చెందినవి. సానపట్టువారు వీనిని తరచుగా అండాకారమున తీర్చుదురు. గుండ్రముగా తీర్చినచో ముడిరాయి హెచ్చుగా వ్యర్థమగును; ఈ రూపమున తరుగు తక్కువ. రత్నమునకు వెల కారట్ల లెక్కన కట్టుదురు. కారటనగా 200 మిల్లీగ్రాములే. కనుక రాలిన పొడియెల్ల ధనమే. కొనువారికిని ఈ రూపము ప్రియము. వ్రేలిపై నిలువుగా నమరి, వ్రేలిని పొడవుగా, రాతిని పెద్దదిగా చూపును.

ఇందు దోషమేమి? తరుగు తగ్గించుట లోభము కాదు, వివేకమే. సానపట్టువాని శ్రమయు కాయకమే. అయితే బరువుపై ఆశ మితిమీరినచో చెక్కడపు కోణములు తప్పును. అపుడు పైనుండి చొచ్చిన కాంతి కంటికి మరలిరాక అడుగునుండి జారిపోవును. తూకము నిలుచును, రత్నము వెలవెలబోవును.

గృహస్థుని సంపదయు నిట్టిదే. బసవేశ్వరుడు కాయకముతోపాటు దాసోహమును బోధించెను. కాయకము రాయిని చేకూర్చును. దాసోహము దానికి సానపట్టును. కుటుంబమునకు వలసినది ఉంచుకొనుట తప్పు కాదు. జంగమునకు, ఆకలిగొన్నవానికి చెందవలసిన భాగమును గూడ పట్టియుంచుటయే తప్పు. అట్టి యింట తూకముండును, వెలుగుండదు.

భక్తుడు వక్షమున ధరించు ఇష్టలింగమును కారట్లతో తూచువారు లేరు. అది పరుల కన్నులకొరకు కాదు, ధరించినవాని అరచేతిలో పూజకొరకు. పెండ్లికి రాళ్ల ఉంగరము కొనువారు కొనవచ్చును. అప్పు చేసి కొనరాదు. దాసోహపు పాలు తగ్గించి కొనరాదు. వ్రేలిమీది రాయి చూపరుల మెప్పు పొందును. ఆ చేయి పెట్టిన అన్నము శివునకు చేరును.