జరిగిన కథ

సీరియల్ చదివే అలవాటున్నవాళ్ళకి వారంవారం మొదట్లో వేసే "జరిగిన కథ" విలువ తెలుసు. పత్రిక పక్కింటికి వెళ్ళి తిరిగి రాకపోయినా, పురుడు పోయడానికి వెళ్ళి మూడు వారాలు తప్పిపోయినా, ఆ నాలుగు ముక్కలు చదువుకుంటే చాలు, మళ్ళీ కథలో పడొచ్చు. మనుషుల విషయంలో కూడా అలాంటి సదుపాయం ఉంటే ఎంత బావుండును!

ఈమధ్య నాకు ఆ అవసరమే వచ్చిపడింది. మా అమ్మాయి చదువుకని ఇంగ్లండు వెళ్ళి, అక్కడ 'డాక్టర్ హూ' అనే సైన్సు కథల పిచ్చిలో పడింది. 1963 నవంబరులో బి.బి.సి. టెలివిజన్‌లో మొదలైన కథ అది. ఆ డాక్టరు మందులిచ్చే డాక్టరు కాదు. నీలంరంగు పోలీసు పెట్టెలో కూచుని ఏ కాలానికైనా, ఏ గ్రహానికైనా పోగలడు. ప్రాణం మీదికొస్తే రూపు మార్చుకుని ఇంకో మనిషవుతాడు కనక నటులు మారినా కథకి అడ్డు లేదు. 1989లో టీవీలో ఆగిపోయింది. మళ్ళీ 2005లో వరసగా మొదలైంది. ఈలోపల 1999 నుంచీ బిగ్ ఫినిష్ అనే సంస్థ పాత నటులనే పిలిచి వినే నాటకాలుగా తయారుచేయసాగింది. వాటిలో నెలనెలా వచ్చిన వరస ఒక్కటే 2021లో ముగిసేసరికి 275 అయింది!

అమ్మాయి ఫోనులో వాటి సంగతులే చెబుతుంది. నేను "ఊఁ" కొడతాను. ఒకరోజు, "పోనీలే అమ్మా, నీకు తెలీదులే" అంది. అందులో తప్పేమీ లేదు. అయినా మనసు చివుక్కుమంది. పెద్దయిన పిల్లల జీవితంలో తల్లి కూడా మధ్యలో కొన్ని వారాలు తప్పిపోయిన పాఠకురాలే కదూ! సరే, మొదటినుంచీ అన్నీ వినేస్తానని పంతం పట్టాను.

ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్ళేటప్పుడల్లా చెవుల్లో అవే. దెందులూరు దాటేసరికి ఏదో గ్రహం. భీమడోలు వచ్చేసరికి లోహపు గొంతులతో డాలెక్కులు. మొదట్లో ముచ్చటగానే ఉండేది. తర్వాత లెక్క వేశాను. వారానికొకటి చొప్పున వింటే అయిదేళ్ళ పైమాటే. అప్పటినుంచీ విన్నవాటికి కాగితంమీద టిక్కులు పెట్టడం, అంట్లు తోముతూ, కూర తరుగుతూ ఒకదాని తర్వాత ఒకటి కానిచ్చేయడం! ఎవరు చచ్చారో, ఎవరు బతికారో గుర్తుండదు. టిక్కు మాత్రం ఉంటుంది. ఇష్టంతో మొదలెట్టింది బాకీ ఎప్పుడయిందో నాకే తెలియలేదు.

అలా కూర తరుగుతుంటేనే మా అమ్మ గుర్తొచ్చింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. నా చిన్నతనంలో, 1980ల్లో, నాటకం వస్తోందంటే ఇల్లంతా రేడియో ముందే. చిలకమర్తివారి 'గణపతి' వస్తే నాన్నగారు నవ్వలేక పొట్ట పట్టుకునేవారు. అమ్మ కూడా వినేది, వంటింట్లోంచి. పోపు చిటపటల మధ్య ఒక మాట, రుబ్బురోలు ఆగినప్పుడు ఒక మాట. కాళ్ళకూరి నారాయణరావుగారి 'వరవిక్రయం' వచ్చిన రోజున గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కట్నమిచ్చి చేసే ఆ పెళ్ళి వద్దని కాళింది ప్రాణం తీసుకుంటుందే, అక్కడిదాకా విన్నది. ఇంతలో ఎవరో కాఫీ అడిగారు. చెల్లెలు కమల ఆ కట్నాలరాయుళ్ళకి బుద్ధి చెప్పడం అమ్మ వినలేదు.

పాత రేడియో నాటకాలు ఇప్పుడు ఫోనులో దొరుకుతున్నాయి కదా. మొన్న గూడెం వెళ్ళినప్పుడు అదే పెట్టి అమ్మ చేతికిచ్చాను. చెవికి ఆనించుకుని కాసేపు విని, తిరిగిచ్చేసింది. "గొంతులు తెలుస్తున్నాయే, మాటలు తెలియడం లేదు" అంది. పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవంటే ఇదే. చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. అప్పుడు నాకు పదేళ్ళు. కాఫీ కలపడం వచ్చు. "నువ్వు కూచో అమ్మా, నేను పెడతా" అనాలని ఇంట్లో ఏ ఒక్కరికీ తోచలేదు.

"నువ్వే చెప్పవే" అంది అమ్మ. ఎదురుగా కూచుని, పెదవులు కనబడేలా, నెమ్మదిగా చెప్పాను. నాటకం గంటే. మేం రెండు గంటలు పట్టాం. "కమల చేసింది బానే ఉంది. కాళింది బతికుండి ఆ పని చేస్తే ఇంకా బావుండును" అని తీర్పిచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లని మనసులో పెట్టుకున్నట్టుంది!

తప్పిపోయినవన్నీ తిరిగి పట్టుకోవడం ఎవరితరం? మా ఏలూరు పక్కనుంచి పోయే తమ్మిలేరూ, అటు బుడమేరూ తెచ్చే నీళ్ళని కొల్లేరు మొత్తం దాచుకోదు. ఉప్పుటేరు గుండా సముద్రానికి వదులుతుంది. వదలకపోతే ఊళ్ళు మునుగుతాయి. మనసుకీ ఓ ఉప్పుటేరు ఉండాలి.

అయితే ఏదైనా పోతే పోనీ అనుకోవాలా? అదీ కాదు. 'డాక్టర్ హూ' తొలి రోజుల టేపులు చాలావాటిని బి.బి.సి.వారే చెరిపేశారు. ఎన్నో భాగాలకి బొమ్మ లేకుండాపోయింది. కాని అన్నిటికీ శబ్దం మిగిలింది. ఎలాగంటే, చూసేవాళ్ళు కొందరు ఇళ్ళల్లోనే టేపురికార్డరు పెట్టుకుని పట్టి ఉంచారట. ఎవరో ఒకరు ఇష్టంగా విన్నారు కనక నిలిచింది. టిక్కులు పెట్టుకుని విన్నది నాలోనే నిలవలేదు, ఇంకొకరికేం దాచగలను?

నన్నడిగితే, మనం బాకీపడేది కథలకి కాదు, వాటిని మనకి చెప్పాలని ఆశపడే మనుషులకి. వినాలని ఉండీ మనవల్ల వినలేకపోయిన వాళ్ళకి.

టిక్కుల కాగితం చింపేశాను. ఆదివారం అమ్మాయి ఫోను చేస్తే, "నాకు అన్నీ వినే ఓపిక లేదు గాని, నీకు బాగా నచ్చింది ఒకటి నువ్వే చెప్పు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "నిజంగా వింటావా?" అంది. స్టవ్వు ఆపి వచ్చి కూచున్నాను.

మీ ఇంట్లోనూ వంటింట్లోంచి సగం సగం విన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఎక్కడిదాకా విన్నారో ఓసారి అడిగి చూడండి. కాఫీ మాత్రం మీరే పెట్టండి.