శైత్యానికి ప్రమాణమేది?

హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నెలకొల్పిన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న వన్యజాతుల కణాలను ద్రవ నత్రజనిలో, అంటే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలిలో భద్రపరుస్తోంది. అంతటి శైత్యం చర్మానికి తగిలితే నిప్పు కాల్చినట్టే గాయమవుతుంది కనుక, ఇంద్రియం పనికిరాని చోట జ్ఞానానికి ఆధారమేమిటన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు తన న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో స్పర్శను చర్మేంద్రియం మాత్రమే గ్రహించే గుణంగా నిర్వచించి, శీతస్పర్శను నీటికి, ఉష్ణస్పర్శను తేజస్సుకు, అంటే అగ్నికి చెప్పాడు. చలిని వేరొక గుణంగా ఆధునిక భౌతికశాస్త్రం ఒప్పుకోదు. కణాల చలనం తగ్గడమే చలి, మైనస్ 273.15 డిగ్రీలు దాని అంతిమ హద్దు. అయితే అదే గ్రంథంలోని అనుమాన ప్రమాణం, అంటే పొగను చూసి నిప్పును తెలుసుకునే పద్ధతి, ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

చలిని ఇలా చిహ్నం ద్వారా తెలిపే సాధనాల్లో ఒకటి గాజు తీగ. వెంట్రుకంత సన్నని ఆ తీగ లోపల, సుమారు అర మైక్రోమీటరు ఎడంతో వక్రీభవన గుణకాన్ని మార్చి ఏర్పరచిన వరుసను ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అంటారు. ఆ వరుస తనలోకి వచ్చిన కాంతిలో ఒకే తరంగదైర్ఘ్యాన్ని వెనక్కి పంపుతుంది. చల్లబడినప్పుడు గాజు ముడుచుకొని, వక్రీభవన గుణకం తగ్గి, ఆ తరంగదైర్ఘ్యం కురచవుతుంది. 1550 నానోమీటర్ల కాంతికి సాధారణ ఉష్ణోగ్రతల వద్ద ఈ మార్పు డిగ్రీకి సుమారు 0.01 నానోమీటరు. తీగలో విద్యుత్తు ప్రవహించదు కనుక అయస్కాంత క్షేత్రాలు ఈ కొలతను అంతగా చెదరగొట్టవు, సన్నని గాజు గుండా బయటి వేడి లోపలికి చేరడమూ స్వల్పమే.

కానీ తీగను లాగినా అదే తరంగదైర్ఘ్యం మారుతుంది. హేతువు, అంటే పొగవంటి చిహ్నం, సాధ్యం, అంటే నిప్పులా దాని ద్వారా తెలియవలసినది, లేని చోట కూడా కనిపించడాన్ని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, వ్యభిచారమన్నారు. ఆ దోషం తొలగాలంటే ఏ లాగుడూ సోకని మరో గ్రేటింగ్‌ను పక్కనే ఉంచాలి. ఇంతకంటే గంభీరమైన చిక్కు మరొకటుంది: ద్రవ హీలియం మరిగే మైనస్ 269 డిగ్రీల దరిదాపుల్లో గాజు దాదాపు స్పందించదు, అంటే హేతువే క్షీణిస్తుంది. అందుకే చలికి ఎక్కువగా ముడుచుకునే లోహాన్నో పాలిమర్‌నో తీగపై పూతగా వేసి, ఆ ముడుచుకోవడాన్నే చిహ్నంగా గ్రహిస్తారు.

అటువంటి తీగను వాడే ముందు మరో ఉష్ణమాపకంతో సరిచూడాలి, ఆ రెండవదాన్ని ఇంకొకదానితో సరిచూడాలి. ఇలా అంతులేకుండా సాగడాన్నే తర్కం అనవస్థ అంటుంది. 1954 నుంచి నీరు, ఆవిరి, మంచు కలిసి నిలిచే త్రిక బిందువును 273.16 కెల్విన్లుగా నిర్ణయించి ఈ పరంపరను ఆపగా, 2019 మే 20 నుంచి బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకానికి మార్పులేని విలువనిచ్చి కెల్విన్‌ను నిర్వచిస్తున్నారు. ఆ విలువ కచ్చితమైన ప్రయోగాల నుంచే వచ్చినా, దానిని ఇకపై కొలవనవసరం లేదన్నది మాత్రం మనుషులు కలిసి చేసిన నిర్ణయం.