ప్రవాహజ్ఞానానికి ప్రామాణ్యం ఎక్కడిది?

కంటికి అందని వస్తువును గురించి కలిగిన జ్ఞానం యథార్థమని దేనివల్ల తేలుతుందన్న ప్రశ్నపై భారతీయ దర్శనాలలో సుదీర్ఘమైన చర్చ సాగింది. జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, దానిని కాదనడానికే వేరే కారణం కావాలని మీమాంసకులు స్వతఃప్రామాణ్యాన్ని ప్రతిపాదించగా, ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వంటి ఇతర హేతువుల వల్లనే ప్రామాణ్యం తెలుస్తుందని నైయాయికులు పరతఃప్రామాణ్యాన్ని నిలబెట్టారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో ఈ రెండవ పక్షాన్నే సమర్థించాడు. తీరసముద్ర ప్రవాహాలను ధ్వనితోను, కంప్యూటర్ నమూనాలతోను కలిపి అధ్యయనం చేసే నేటి పద్ధతి ఈ వివాదానికి కొత్త పరీక్షాస్థలం.

జపాన్‌లో హోన్షూ, క్యూషూ దీవుల మధ్యనున్న కన్మోన్ జలసంధిలో పోటుపాటుల ఉధృతి, నౌకల రద్దీ రెండూ ఎక్కువ కావడంతో నడినీటిలో పరికరాలు నిలపడం కష్టం. అందుచేత హిరోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు ఒడ్డుల నుంచి ఎదురెదురుగా ధ్వనిని పంపే పద్ధతిని అక్కడ ప్రయోగించారు. అనేక మార్గాలలో ధ్వని ప్రయాణించిన కాలాలను బట్టి నీటి లోపలి స్థితిని చిత్రించే ఈ విధానాన్ని ధ్వని టోమోగ్రఫీ అంటారు. దీనిని 1979లో వాల్టర్ మంక్, కార్ల్ వున్ష్ మహాసముద్రాల కోసం ప్రతిపాదించారు. సముద్రజలంలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ప్రవాహం వెంట సాగిన ధ్వని ముందుగా, ఎదురు సాగినది ఆలస్యంగా చేరుతుంది. 10 కిలోమీటర్ల దారి పొడవునా సెకనుకు 1 మీటరు వేగంతో నీరు పారుతున్నా ఆ తేడా 9 మిల్లీసెకన్లకు మించదు.

నైయాయికుల న్యాయదర్శన పరిభాషలో ఈ కాలభేదం హేతువు, ప్రవాహం సాధ్యం, ఆ రెంటికీ గల నియతసంబంధమైన వ్యాప్తి భౌతికశాస్త్ర నియమం. అయితే హేతువును బట్టి సాధ్యాన్ని నిర్ణయించే ఈ అనుమానం దారి పొడవునా సగటు వేగాన్నే చెబుతుంది. ఒకే సగటుకు భిన్నమైన ప్రవాహాలు కారణం కావచ్చు. లోతు, పోటుపాటులు, గాలి ఆధారంగా నీటి గమన సమీకరణాలను సాధించే కంప్యూటర్ నమూనా ఆ లోటును పూరిస్తుంది కాని, దానికిచ్చిన వివరాలు తప్పితే అదీ తప్పుతుంది. కనుక రెంటిలోనూ ఎంత దోషానికి అవకాశముందో అంచనా వేసి, ఆ మేరకు నమూనాను కొలతల వైపు సవరిస్తారు. దీనినే దత్తాంశ సమీకరణం అంటారు.

ప్రతి జ్ఞానానికీ మరొకటి సాక్ష్యం కావాలంటే ఆ వరుసకు అంతుండదని, అది అనవస్థాదోషమని మీమాంసకుల ఆక్షేపణ. సంశయం కలిగిన చోటనే పరీక్ష అవసరమన్న నైయాయికుల సమాధానం ఇక్కడ మరింత బలపడుతుంది, ఎందుకంటే ఈ పద్ధతిలో సంశయం ముందుగానే ఒక పరిమాణంగా లెక్కలో చేరి ఉంటుంది. అయినా ధ్వని, నమూనా ఏకీభవించినంత మాత్రాన సత్యం సిద్ధించదు. తప్పుడు లోతులే రెంటికీ ఆధారమైతే వాటి ఏకాభిప్రాయం కూడా ఆభాసే కాబట్టి, సవరణలో వాడని కొలతలే నిజమైన సాక్షులు. అదృశ్యాన్ని గురించి చెప్పేవారు, అది నీటి ప్రవాహమైనా పరమార్థమైనా, తమ మాట ఏ సాక్ష్యంతో తప్పని తేలుతుందో కూడా చెప్పగలగడమే జ్ఞానం పట్ల వారికి గల శ్రద్ధకు గుర్తు.